అరిగిన అంకెలు

మనుషుల్ని తూచిన మిషన్‌ని నేను తూకానికే కొన్నాను.

నాలుగేళ్ల కింద దసరాకి ఇంటికొచ్చి, ఏదో పని మీద మంచిర్యాల పోయినప్పుడు ఒక పాత ఇనుప సామాన్ల దుకాణంలో కనిపించింది. తలుపుల్లేని ఫ్రిజ్‌లకీ, వంకర పోయిన సైకిల్ రిమ్ములకీ మధ్య వెల్లకిలా పడి ఉంది. ముందు గాజు లేదు. దుకాణమాయన ఇద్దరు పిల్లగాళ్లతో ఎత్తించి ఎలక్ట్రానిక్ కాంటా మీద పెట్టించాడు. 118 కిలోలు. “సగం బీడే సార్, బీడుకు రేటు తక్కువ పడ్తది” అన్నాడు. బీడంటే పోత ఇనుము. ఆ లెక్కన నా చిన్ననాటి అద్భుతం నా ఫోన్ ధరలో పదో వంతుకే వచ్చేసింది. ట్రాలీ ఆటోలో కరీంనగర్ చేర్చడానికి దానికంటే ఎక్కువైంది.

రైల్వే స్టేషన్లో రంగు బల్బులు వెలిగే బరువు మిషన్ అది. ముప్పై దాటినవాళ్లకి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం: నిలువెత్తు పెట్టె, కింద నిలబడటానికి పీట. పీట ఎక్కగానే గాజు వెనక ఎరుపూ తెలుపూ చక్రం గిర్రున తిరుగుతుంది, బల్బులు మిణుకుమంటాయి. చక్రం ఆగేదాకా ఆగాలి. ఆగాక రూపాయి బిళ్ల వెయ్యాలి. లోపల ఎక్కడో ‘ఠక్’మని, కింద గిన్నెలోకి చిన్న అట్టముక్క పడుతుంది. ఒకవైపు బరువు. రెండోవైపు సినిమా హీరోదో హీరోయిన్‌దో బొమ్మ, మన స్వభావం గురించో రాబోయే కాలం గురించో రెండు ముక్కలు. బరువు కోసం ఎక్కినవాళ్లెందరో, ఆ రెండు ముక్కల కోసం ఎక్కినవాళ్లెందరో నాకైతే అనుమానమే.

మా చిన్నప్పుడు కరీంనగర్‌కి రైలు లేదు. రైలు చూడాలంటే పెద్దపల్లి పోవాలి. ఇక్కడ రైలంటే దూరప్రయాణం, దూరప్రయాణమంటే బరువు మిషన్. నాకు ఆ మూడూ ఒకే వస్తువు. మా బాపు అట్లాంటి ప్రయాణంలో ఒకసారి మిషన్ ఎక్కిన టికెట్ ఇప్పటికీ మా అమ్మ దగ్గరుంది. రేషన్ కార్డూ, పట్టాదారు పాస్‌బుక్కూ దాచుకునే రేకు డబ్బాలో. దాని సంగతి తర్వాత.

స్లాట్ మిషన్ అంటే మనకి సినిమాల్లో చూసిన జూదగృహాలు గుర్తొస్తాయి. పిడి లాగితే మూడు చక్రాలు తిరిగి నిమ్మకాయలూ చెర్రీలూ వరసలో పడటం. కానీ స్లాట్ అంటే ఉత్త సందు, నాణెం వేసే సందు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఆ పేరు జూదానికే అంటుకోలేదు. చాక్లెట్ ఇచ్చేదీ, పాట వినిపించేదీ, బరువు చెప్పేదీ, అన్నీ స్లాట్ మిషన్లే. 1880ల్లో లండన్‌లో పెర్సివల్ ఎవరిట్ అనే ఆయన నాణెం వేస్తే పోస్టుకార్డు వచ్చే పెట్టెని రైల్వే స్టేషన్లలో పెట్టించాడు. వెంటనే నాణెంతో నడిచే బరువు మిషన్‌కీ పేటెంట్ తీసుకున్నాడు. చార్లెస్ ఫే శాన్‌ఫ్రాన్సిస్కోలో మూడు చక్రాల ‘లిబర్టీ బెల్’ చేసింది ఆ తర్వాతే. ఇంకా వెనక్కి పోతే, క్రీస్తుశకం ఒకటో శతాబ్దంలోనే అలెగ్జాండ్రియాకి చెందిన హీరో ఒక గుడి పెట్టె గురించి రాశాడు. నాణెం ఒక పళ్లెంలో పడుతుంది, ఆ బరువుకి మీట వంగుతుంది, కవాటం తెరుచుకుని పవిత్రజలం కారుతుంది, నాణెం జారిపోగానే ఆగిపోతుంది. అంటే ప్రపంచంలో మొదటి కాయిన్ మిషన్ నాణేన్ని తూచేదే.

జూదం మిషనూ బరువు మిషనూ ఒకే కార్ఖానాలో పుట్టిన సందర్భాలూ ఉన్నాయి. షికాగోలో వాట్లింగ్ కంపెనీ రెండూ చేసింది. జాతకం చెప్పే కాంటాలు కూడా వాళ్లవి ఉన్నాయి. జూదానికి చట్టం అడ్డొచ్చిన చోట కాంటా అమ్ముకోవచ్చు. లోపలి సందూ, మీటా, స్ప్రింగూ ఇంచుమించు అవే.

మన దగ్గర ఆ అన్నదమ్ముల్లో ఒక్కడే రైలు దిగాడు. నిజాం కాలం నుంచే జూదం మీద చట్టముంది. తర్వాత 1974 గేమింగ్ చట్టం వచ్చింది. సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బులో రమ్మీ ఆడినందుకు పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా పోయి, రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడ్డ ఆట అని 1967లో తేలింది. దేశంలో ఇప్పటికీ ఆన్‌లైన్ ఆటల కేసులు చాలా దాన్నే ఎత్తి చూపిస్తాయి. కానీ మూడు చక్రాల మిషన్‌కి ఏ నైపుణ్యమూ అక్కర్లేదు కాబట్టి అది గోవా దాటి మన వైపు రాలేదు. పెద్దపల్లి ప్లాట్‌ఫారం మీద సామాన్యుడికి దొరికిన స్లాట్ మిషన్ ఇదొక్కటే. ఓడిపోవడానికి ఒక్క రూపాయి, గెలిస్తే ఒక మంచి మాట.

కాజీపేట–బల్లార్షా రైలుమార్గం 1929లో పూర్తయింది. దానితోనే ఢిల్లీ–మద్రాసు నేరుగా కలిశాయి. రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి, కాగజ్‌నగర్ మీదుగా పోయే ఈ దారి ఒక నాణేల సరిహద్దు కూడా. ఇటు హైదరాబాద్ రాజ్యం హాలీ సిక్కా, అటు బల్లార్షాలో కల్దారు రూపాయి. ఏడు హాలీలకి ఆరు కల్దార్లు. 1950ల్లో రెండూ కలిసి చెలామణీ అయ్యి, 1959లో హాలీ పూర్తిగా రద్దయింది. నడుమ 1957లో అణాలు పోయి నయాపైసలొచ్చాయి. నాణెం కొలత మీద బతికే మిషన్‌కి ఇంతకంటే అయోమయమైన రైలుమార్గం దొరకదు. రాజ్యాలు మారినప్పుడు జెండాల గురించి రాస్తాం గానీ, చిల్లర మారడం గురించి ఎవరూ రాయరెందుకో.

సరే, నా మిషన్. నేను చదివింది ఇంజనీరింగే అయినా చేసేది కోడ్ రాయడం. స్క్రూడ్రైవర్ పట్టుకుంటే ఇంట్లోవాళ్లు నవ్వుతారు. కానీ వెనక తలుపు తీసి చూస్తే, ఇందులో ఉన్నది నేను రోజూ రాసే తర్కమే. కాకపోతే ఇత్తడితో రాశారు. పీట కింద మీటల జోడు. మనిషి బరువుని చాలా భాగం తగ్గించి ఒక కడ్డీకి అందిస్తుంది. కడ్డీ స్ప్రింగుని సాగదీస్తుంది. ఆ సాగుడుని పళ్లపట్టీ, పళ్లచక్రం తిప్పుడుగా మార్చి అంకెల చక్రాన్ని తిప్పుతాయి. 20 నుంచి 120 దాకా సీసపు అచ్చంకెలు దాని అంచుమీద, అద్దంలో చూసినట్టు తిరగేసి ఉన్నాయి. నాణెం పడి ఒక చిన్న మీటని నొక్కితే రెండు కాంటాక్టులు కలుస్తాయి, మోటారు తిరుగుతుంది. మోటారు ఒక్క చుట్టు తిరిగేలోపు చక్రాన్ని బిగించి, టికెట్‌ని అంకెకేసి నొక్కి, కిందికి తోసేస్తుంది. నాణెం జారిపోయాక కూడా చుట్టు పూర్తయ్యేదాకా కరెంటు ఆగకుండా ఇరుసు మీద ఇంకో స్విచ్చు. ఎవరో పేరు తెలియని మనిషి, ట్రాన్సాక్షన్ మధ్యలో తెగిపోతే ఎట్లా అని ఆలోచించి పెట్టాడు. నేను రాసిన కోడ్‌లో అంత జాగ్రత్త లేని రోజులు నాకు తెలుసు.

లేనివి: ముందు గాజు, బల్బు హోల్డర్లు, నాణెం జారే గాడి, కాంటాక్టులు రెండూ, టికెట్ల దొంతర పట్టుకునే పెట్టె. గాజూ హోల్డర్లూ ఒక ఆదివారంలో అయిపోయాయి. గాడి దగ్గర ఆరు నెలలు పోయాయి.

గాడి ఉండాల్సిన చోట దాన్ని బిగించిన పలక ఒక్కటే మిగిలింది. దాని మీద రుద్దుడు గీతల మధ్య దూరం కొలిస్తే 25 మిల్లీమీటర్లకి కొంచెం ఎక్కువ. అది 1992 నుంచి వచ్చిన స్టీలు రూపాయి కొలత: 25 మిల్లీమీటర్లు, 4.85 గ్రాములు. అంతకుముందుది 26 మిల్లీమీటర్ల కుప్రోనికెల్ బిళ్ల, 6 గ్రాములు. ఆ పాత గీతలు కూడా కాస్త వెలుపలగా, మసగ్గా కనిపించాయి. పక్కనే రెండు ఖాళీ స్క్రూ కన్నాలు. అవి దేనికో చాన్నాళ్లు అర్థం కాలేదు. ఒకరోజు ఫ్రిజ్ మీద అయస్కాంతం బొమ్మకి రూపాయి బిళ్ల అతుక్కోవడం చూస్తే వెలిగింది. ఇనుప బిళ్లలేసి మోసం చేసేవాళ్లని పట్టడానికి ఇట్లాంటి మిషన్ల గాడిలో అయస్కాంతం పెడతారు. కుప్రోనికెల్ రూపాయి దానికి చిక్కదు. కానీ సర్కారే స్టీలు రూపాయి తెచ్చాక అసలు నాణెమే దొంగ నాణెంలా అతుక్కుపోయి ఉంటుంది. అప్పుడెవరో మెకానిక్ అయస్కాంతం పీకేసి, గాడిని లోపలికి జరిపి ఉంటాడు. ఏ గెజిట్ కంటే గట్టి సాక్ష్యం నాకు ఆ రెండు కన్నాలు.

2011లో రూపాయి 22 మిల్లీమీటర్లకి చిక్కిపోయింది, 3.79 గ్రాములు. అదే సంవత్సరం వచ్చిన రెండు రూపాయల బిళ్ల సరిగ్గా పాత రూపాయి కొలత, పాత రూపాయి బరువు. అంటే నా మిషన్ గురించి సర్కారు తనకి తెలియకుండానే ధర రెట్టింపు చేసింది. 2019లో వచ్చిన సిరీస్‌లో రెండు రూపాయలూ 23 మిల్లీమీటర్లకి తగ్గాయి. కాబట్టి రెండు రూపాయల బిళ్లల్లో 2011 సిరీస్ బిళ్లలతో మాత్రమే నా మిషన్ నడుస్తుంది. కిరాణా కొట్టు చిల్లరలో అవి ఏరుకోవడం ఇప్పుడు నా వ్యసనం.

గాడి పోత పోయించాలని ఆదిలాబాద్ అడవి వైపు పోయాను. జైనూరు దగ్గర ఉషేగావ్‌లో ఓజా కళాకారులున్నారు. మట్టి ముద్ద మీద మైనం దారాలు చుట్టి, పైన మళ్లీ మట్టి మెత్తి, కాల్చి, మైనం కరిగిపోయిన ఖాళీలోకి లోహం పోస్తారు. గోండుల దేవుళ్ల వస్తువులూ, గంటలూ, దీపాలూ చేసే చేతులు. ‘ఆదిలాబాద్ డోక్రా’కి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నేను అట్టతో చేసిన నమూనా చూపిస్తే ఆ పెద్దమనిషి అటూ ఇటూ తిప్పి, “ఇందులో దేవుడు యాడ ఉంటడు?” అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు. పైసలు పోయే దారి అని చెప్తే నవ్వి ఒప్పుకున్నాడు. వచ్చింది చూస్తే ఎంత అందంగా ఉందో! అంచు పొడవునా సన్నటి తాడు మెలిక. నేను అడగలేదు, ఉత్తగా వదిలెయ్యడం ఆయనకి నచ్చినట్టు లేదు. కానీ చల్లారాక లోహం ఒకటిన్నర శాతం కుదించుకుపోతుందన్న సంగతి నమూనాలో నేనే లెక్కెయ్యలేదు. నాణెం సగం దారిలో ఇరుక్కుంది. చివరికి కరీంనగర్‌లో ఒక లేత్ వర్క్‌షాపులో ఇత్తడి రేకు కోయించి చేయించాను. గంటన్నర పని. ఓజా గాడి ఇప్పుడు నా టేబుల్ మీద పెన్నులు పట్టుకుంటోంది.

కాంటాక్టుల కథ ఇట్లా కాలేదు. కరెంటు కలిపే బుడిపెలకి వెండి మించింది లేదు. కరీంనగర్ అంటే వెండి తీగ పని. ఎలగందుల కోట ఊళ్లో మొదలై, 1905లో జిల్లా కేంద్రం కరీంనగర్‌కి మారాక ఇక్కడ స్థిరపడ్డ పని. 2007లో దానికీ గుర్తింపొచ్చింది. కమ్మచ్చు కన్నాల్లోంచి తీగని లాగి లాగి వెంట్రుకంత చేసే మనిషికి, రెండు మిల్లీమీటర్ల గుండు బుడిపె ఒక లెక్క కాదు. “వెండి నల్లబడ్తది సార్, మళ్ల నన్నడగద్దు” అన్నాడాయన. నగలు కొన్నవాళ్ల మాటలు పడీ పడీ అట్లా అలవాటై ఉంటుంది. ఈ పనిలో నలుపు పెద్ద సమస్య కాదు, కలిసిన ప్రతిసారీ కొంచెం రాసుకుని అదే పోతుంది. రెండు బుడిపెలకీ ఆయన తీసుకున్న కూలి చెప్తే మీరు సిగ్గుపడతారు, నేను పడ్డాను.

ఆ రాత్రి మిషన్ మొదటిసారి తిరిగింది. టికెట్ పెట్టె ఇంకా లేదు కాబట్టి చేత్తో ఒక తెల్ల అట్ట పట్టుకున్నా. నేను పీట మీద నిలబడితే 76 పడింది, సుబ్బరంగా. మా అమ్మని ఎక్కమంటే ఎక్కనంది. “గా తుప్పుదాని మీద నేనెక్క. కూలితే?” పక్కింటి బాబాయి ఎక్కాడు. అట్ట మీద ఒక నల్లటి మరక పడింది. మళ్లీ వేశా. మళ్లీ మరకే.

అప్పుడు చక్రాన్ని టార్చి వెలుగులో తిప్పుతూ చూశాను. 20ల్లో అంకెలు కొత్తగా పోత పోసినట్టున్నాయి. 80 దాటాక కూడా అంతే, 110 మీద సీసం ఇంకా మెరుస్తోంది. నడుమ మాత్రం 42 నుంచి 58 దాకా అంచులు మొద్దుబారాయి. 48, 49, 50 అయితే ఉత్త దిబ్బలు.

ఎంతసేపు అట్లా కూర్చున్నానో. ఏ మనిషి ఎక్కితే ఆ మనిషి అంకె మీద అట్ట నొక్కుకుంటుంది. ఎక్కువమంది ఎక్కిన అంకె ఎక్కువ అరుగుతుంది. అంటే ఈ చక్రం ఒక జనాభా లెక్క. బొగ్గుబాయి కార్మికులు, భివండీ పోయే నేతపనివాళ్లు, బొంబాయికి పోయి అక్కణ్ణుంచి దుబాయ్ ఎక్కే పిల్లలు, కాగజ్‌నగర్ మిల్లు మనుషులు, మొక్కులకి పోయే ముసలమ్మలు. ఏ స్టేషన్లో నిలబడిందో నాకు చెప్పే కాగితం లేదు, కానీ ఈ రైలుదారి మనుషులు ఎంత బరువుండేవాళ్లో సీసం రాసిపెట్టింది. ఎదిగిన మనుషులు, నలభై ఎనిమిది, నలభై తొమ్మిది. మన చరిత్ర పుస్తకాల్లో కరువులుంటాయి, ఉద్యమాలుంటాయి, ఒంటి మీద ఎంత కండ ఉందో ఉండదు.

ఇక్కడే నాకు చిక్కొచ్చి పడింది. మిషన్ బాగుచెయ్యాలంటే అరిగిన అంకెలు పీకి కొత్తవి పెట్టాలి. పీకితే ఆ లెక్క పోతుంది. వదిలేస్తే మిషన్ మన ఇళ్లల్లో సగంమంది బరువు చెప్పలేదు.

ఇది మిషన్ల సమస్యే కాదు, పాత తెలుగు పుస్తకాలు చదివేవాళ్లకి బాగా తెలిసిన సమస్య. తాటాకు పుచ్చిపోయినచోట పరిష్కర్త ఏం చెయ్యాలి? మంచి సంపాదకులు చుక్కలు పెట్టి ‘గ్రంథపాతం’ అని రాసి ఊరుకునేవాళ్లు. ఇంకొందరు ఛందస్సు తెలుసు కదా అని పూరించేవాళ్లు. పూరణ ఎంత బాగుంటే అంత ప్రమాదం. మానవల్లి రామకృష్ణకవి నన్నెచోడుడి కుమారసంభవాన్ని 1909లో వెలుగులోకి తెచ్చినప్పుడు, అసలు ఆ కావ్యమే ఆయన అల్లిందేమో అని అనుమానించిన పండితులున్నారు. ఆ అనుమానం నేను నమ్మను. కానీ దొరకని దాన్ని వెతికి తెచ్చే పాండిత్యం ఉన్న మనిషికి లేనిదాన్ని రాసే సత్తువ కూడా ఉంటుందని జనం భయపడటంలో న్యాయముంది. మిషన్లు బాగుచేసేవాళ్ల లోకంలో ఈ భయం తక్కువ. అక్కడ కొత్తదానిలా మెరిస్తే చాలు, చప్పట్లు. నాకా మెరుపు మీద నమ్మకం పోయింది.

చివరికి శాసనాలవాళ్ల దారి పట్టాను. గంగాధర దగ్గర బొమ్మలగుట్ట మీద జినవల్లభుడి శాసనంలాంటివాటికి తడి కాగితం అద్ది, సిరా పూసి అచ్చు తీస్తారు కదా, అట్లాగే చక్రం మొత్తానికీ సిరా పట్టించి పొడుగాటి కాగితం మీద దొర్లించాను. మీటరుకి కొంచెం తక్కువ పొడవు. మొదట స్పష్టంగా, నడుమ మసకగా, చివర మళ్లీ స్పష్టంగా. దాన్ని ఫ్రేము కట్టించాను. పదిహేడు అరిగిన అంకెలూ పీకి సీసాలో వేశాను. ఇప్పుడు ఫ్లెక్సీలు మాత్రమే వేస్తున్న ఒక పాత ప్రెస్సాయన, అటక మీది టైపు కేసుల్లోంచి కొత్తవి ఏరిచ్చాడు. అవి వేరే రకం అంకెలు, కొంచెం సన్నవి. సరిపోయే రకం వెతికిస్తానన్నాడు గానీ వద్దన్నాను. 42 నుంచి 58 దాకా పడే టికెట్ చూస్తే ఎవరికైనా తెలియాలి, ఇది తర్వాత చేర్చిన పాఠమని.

టికెట్ వెనకవైపు ఏం రాయాలన్నది ఇంకో తగాదా. స్నేహితులు పోటీలు పడి జాతకాలు రాసి పంపారు, కొన్ని నిజంగా బాగున్నాయి. నేను వేయించలేదు. దీనికి కారణం కొంత నా ఉద్యోగం. ఒకప్పుడు ఒక చెల్లింపుల యాప్‌లో స్క్రాచ్ కార్డులు చేశాను. మీరు వేలితో గీకి, గుండె కొట్టుకుంటూ చూస్తారే, అవి. గీకకముందే మీకు ఏం రావాలో సర్వర్లో రాసిపెట్టి ఉంటుంది. ఎంత తక్కువిస్తే మీరు మళ్లీ వస్తారో లెక్కేసి మరీ రాస్తాం. 1984లో ఇంగే టెల్నెస్ అనే ఆయన స్లాట్ మిషన్ చక్రం ఎక్కడ ఆగాలో రాండమ్ నంబరుతో ముందే నిర్ణయించే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. అప్పట్నుంచీ కళ్లకి కనిపించే చక్రం ఉత్త అలంకారం. నేను ఆయన మునిమనవణ్ణి. పాత బరువు టికెట్ మీద జాతకం ఎంత చవకబారుదైనా మన గురించి ఏమీ తెలియనిది, దొంతరలో మన వంతుకి వచ్చింది. దాన్ని నేను రాస్తే, ఎక్కేవాళ్లు ఎవరో తెలిసి రాస్తాను. అందుకే వెనకవైపు ఖాళీ. మా అక్క కూతురు టికెట్ తిప్పి చూసి, “మామా, ఇందుల ఏం రాయలేదేంది?” అని చాలా నిరాశపడింది.

ఆఖరి పని తూకం సరిచెయ్యడం. రైస్‌మిల్లు నడిపే దోస్తు దగ్గర ముద్ర వేసిన 20 కిలోల రాళ్లు తెచ్చి పీట మీద పేర్చాను. 60 పెడితే 63 చూపించింది. ఏళ్ల తరబడి సాగీ సాగీ స్ప్రింగు మెత్తబడింది. మెత్తబడ్డ స్ప్రింగు ఎప్పుడూ ఎక్కువే చెప్తుంది. అంటే చక్రం మీది జనాభా లెక్కలో కూడా చివరి సంవత్సరాలవాళ్లకి రెండు మూడు కిలోలు ఉదారంగా కలిసి ఉన్నాయి. సర్దుడు మరని మూడు చుట్లు బిగించాక 60కి 60 వచ్చింది.

ఇప్పుడు బాపు టికెట్. ఆయన 2001లో పోయాడు. జబ్బేమిటో తెలిసేసరికి ఆలస్యమైందని డాక్టర్లన్నారు. అంతకు ఏడాది ముందు ఒక పెళ్లికి పోతూ పెద్దపల్లిలో ఎక్కిన టికెట్ అది. ముందు వైపు ఐదు అంకె తెలుస్తుంది. రెండోది ఒక నిలువు గీత, పైన మసక. ఒకటీ కావచ్చు, ఏడూ కావచ్చు. అదే మిషన్ అని నేను అనడం లేదు. కానీ ఆ మసక ఎట్లా వస్తుందో ఇప్పుడు నాకు తెలుసు. అమ్మ మాత్రం ఇరవై ఏళ్లుగా అది యాభై ఏడే అంటుంది. “పెండ్లికి పోయినప్పుడు మంచిగనే ఉండె. తర్వాతనే చిక్కిండు.” యాభై ఏడైతే అమ్మ చెప్పేది నిజం. యాభై ఒకటైతే అప్పటికే మొదలైంది, ఇంట్లో ఎవరం చూడలేదు. చిన్నప్పుడు ఆ టికెట్‌ని భూతద్దం కింద పెట్టి చూసినవాణ్ణి నేను. ఈ మిషన్ ఎందుకు కొన్నానో నన్నడిగితే సాహిత్యం, చరిత్ర అని చెప్తాను గానీ, ఇదీ ఉంది.

పోయిన సంక్రాంతికి అమ్మ తనే వచ్చి పీట ఎక్కింది. మనవరాలు ఎక్కినప్పుడు కూలలేదు కదా అన్న ధైర్యం. చక్రం తిరిగింది, బల్బులు వెలిగాయి. గోడ పట్టుకోకుండా కదలకుండా నిలబడింది. రెండు రూపాయల బిళ్ల నేనే వేశాను. టికెట్ పడింది. సన్న అంకెల్లో 49.

“తగ్గిన్రా” అంది చూసుకుని. “గానాడు పెద్దపల్లిల నాది యాభై మూడొచ్చింది. మీ బాపు కన్నా నాదే ఎక్కువొచ్చిందని రైలు పొడుగూత నవ్విండు.”

నేనేం అనలేదు. అమ్మ పీట దిగి, ఆ టికెట్‌ని కూడా రేకు డబ్బాలో పెట్టడానికి లోపలికి పోయింది.